ఆమెన్ మాస్టారు

ఫరంపేట నుంచి సైకిలు మీద బడికొచ్చే ఇస్సాకు మాస్టారికి భోజనాల తర్వాతి పీరియడంటే గండం. సోషల్ పాఠం చదువుకోమని పిల్లలకు చెప్పి, బెల్టు ఒక చిల్లు వదులు చేసి కుర్చీలో కూర్చుంటాడు. కాసేపటికి గడ్డం ఛాతీ మీద వాలుతుంది. సుద్దపొడి అంటిన మీసాలు ఊపిరికి లేచి పడుతుంటాయి. మెలకువ రాగానే, కళ్ళు తెరవకముందే, గట్టిగా “ఆమెన్” అంటాడు. క్లాసంతా అలవాటుగా “ఆమెన్” అంటుంది. “ప్రార్థనలో గురక కూడా ఉంటాదాండీ?” అని ఎవడైనా అడిగితే, “అది ఆత్మ మూలుగురా వెధవా” అంటాడు.

మొన్న ఆ క్లాసులోని సాయిసందీప్, వాళ్ళ నాన్న కెమెరా ఫోన్‌ని క్యారేజీ సంచిలో దాచి తెచ్చి, ఆ ప్రార్థన మొత్తం వీడియో తీశాడు. బ్లూటూత్‌లో చేతులు మారి మారి, అది హెడ్‌మిస్ట్రెస్ ఎస్తేర్‌రాణి గారి ఫోన్లో పడింది. చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి ఆవిడ. మాస్టారిని గదిలోకి పిలిచి, “ఇది నిద్రని తేలిందా, ఇవాళే పైకి రాసేస్తానండి. తర్వాత మీ ఉద్యోగం మీ ఇష్టం” అంటూ వీడియో పెట్టింది. గురక గదంతా నిండింది. మాస్టారు మెడ మీద చెమట తుడుచుకున్నాడు. చివర్లో ఫోన్లోంచి “ఆమెన్” అని వినబడింది.

“ఆమెన్” అంది ఎస్తేర్‌రాణి గారు, కళ్ళు మూసుకుని.

“నేనూ అదే చెబుతున్నానండి” అన్నాడు మాస్టారు.