గిన్నెల కొట్టు మేడ మీద ఐదొందల పుస్తకాలు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. పుస్తకం రాయడం చాలా కష్టమనీ, రాసేశాక అమ్మడం ఎంతసేపనీ. మొదటిది తప్పని తొందరగానే తేలింది (మూడు నెలల్లో రాసేశాను, చదివితే ఆ సంగతి మీకూ తెలుస్తుంది). రెండోది తప్పని తెలుసుకోవడానికి మాత్రం ఐదువందల కాపీలు అచ్చు వేయించాల్సి వచ్చింది. సిగ్గుపడాల్సిన విషయమేమిటంటే నేను అమ్మకాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. ఏలూరులో మాది స్టీలు గిన్నెల కొట్టు. పదేళ్ళ వయసుకే, గుమ్మంలో చెప్పులు విడిచే తీరుని బట్టి ఆ మనిషి కొంటారో, ధర కనుక్కుని పక్క కొట్టుకి పోతారో చెప్పేదాన్ని. ఆషాఢంలో కూడా పెళ్ళి సామాను అమ్మగలదని మా వీధిలో నాకు పేరుండేది. అలాంటిదాన్ని, ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి కొల్లేటి మీద కథలు రాసి, ఐదువందల మంది వరస కట్టి కొంటారనుకున్నాను.

పుస్తకాల కట్టల్ని కొట్టు మేడ మీద గదిలో పెట్టుకోనిచ్చారు నాన్న. వైశాఖం వచ్చేసరికి ఆయన ఓపిక సన్నగిల్లింది. "శ్రావణం లోపు గది ఖాళీ చెయ్యమ్మా. పెళ్ళిళ్ళ సరుకు దిగుద్ది," అన్నారు. అప్పటికీ అమ్ముడవకపోతేనో అని అడిగాను. "కుక్కరు కొన్నవాళ్ళకి ఒకటి చొప్పున ఇచ్చేద్దాం. మనం ఫ్రీగా ఇచ్చే ప్లాస్టిక్ గరిటెలు ఎలాగూ అయిపోవచ్చినై," అన్నారు, ఎంతో ప్రేమగా. ఆయనకది సాయం. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం దిగలేదు. డబ్బు పోతే పోనీగాని, అట్ట మీద నా పేరున్న పుస్తకం గరిటెకి బదులుగా వెళ్ళడమంటే ఇక ఆ వీధిలో తలెత్తుకు తిరగలేను. శ్రావణం లోపు అన్నీ అమ్మాలి, డబ్బు పుచ్చుకునే అమ్మాలి అని ఒట్టు పెట్టుకున్నాను.

ముందు ఫోన్లో వీడియోలు చూశాను. రచయితలు తమ పుస్తకాలు ఎలా అమ్ముకోవాలో చెప్పేవాళ్ళు అప్పటికే బోలెడుమంది (వాళ్ళ పుస్తకాలు నేనెక్కడా చూడలేదు). "మీ పాఠకుడెవరో ముందు గుర్తించండి" అన్నారు ఒకాయన. గుర్తించాను. బంధువుల వాట్సాప్ గ్రూపులో అట్ట బొమ్మ పెడితే అందరూ దండాల బొమ్మలు పెట్టారు. ఒకాయన "అభినందనలు, పీడీఎఫ్ ఉంటే పంపగలరు" అని రాశారు. తర్వాత తాడేపల్లిగూడెంలో పిన్ని ఇంటికి పోయి, అక్కడి పుస్తకాల కొట్టాయన్ని బతిమాలాను. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పారు. "పోటీ పరీక్షలది కాదు. వంటలది కాదు. పోనీ అట్ట మీద దేవుడైనా లేడు. ఎవరికని చెప్పి అమ్మనండి?" అన్నారు. చివరికి, సాయంత్రం కొట్టు ముందు స్టూలు వేసుకుని నేనే అమ్ముకోవచ్చని ఒప్పుకున్నారు. చీకటి పడేదాకా కూర్చుంటే ఒకే ఒక్క మనిషి ఆగారు, చేతిలో ఉల్లిపాయల సంచితో.

"ఎన్ని పేజీలమ్మా?"

"నూట నలభై నాలుగండి. ధర నూట యాభై."

"పేజీకి రూపాయి పైనే పడతంది. ఎవరు రాశారు?"

"నేనేనండి."

"నువ్వేనా? అయితే నీకు కాగితం ఖర్చేగా అయ్యింది. వందకిచ్చెయ్యి."

నా పుస్తకాన్ని అవమానించారని కోపం రావాలి. నిజం చెప్పొద్దూ, ఆ బేరం ఎత్తుకున్న తీరుకి ముచ్చటేసింది. "నూట నలభై," అన్నాను అలవాటు కొద్దీ. ఆయన కింద పెట్టేసి, వెనక్కి పిలుస్తానని నాలుగడుగులు మెల్లగా వేశారు. ఆ నడక నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. పిలవలేదు. ఆయనా రాలేదు. రాత్రి పిన్ని పెట్టిన పెసరట్టు తింటూ, పంతానికి పోయి ఉన్న ఒక్క పాఠకుణ్ణీ పోగొట్టుకున్నానని లెక్క తేల్చుకున్నాను.

తిరిగొచ్చే బస్సులో బుర్ర వెలిగింది. మా కొట్లో టిఫిన్ డబ్బా ఒక్కటొక్కటిగా ఎప్పుడమ్మాం గనక? ఫంక్షన్ చేసేవాళ్ళు వచ్చి రిటర్న్ గిఫ్ట్ కోసమని మూడొందలో నాలుగొందలో తీసుకుపోతారు, వాటి మీద పేర్లు కొట్టిస్తారు, అంతే. పుస్తకాన్నీ అలాగే అమ్మితే సరి. చదివేవాళ్ళని వెతుక్కోవడం దేనికి, పంచేవాళ్ళు దొరికితే చాలదూ? ఆ ఆలోచనకి నా వీపు నేనే తట్టుకున్నాను.

వారం తిరక్కుండా కొల్లేటి గట్టు ఊళ్ళ నుంచి చెరువులాయన వచ్చారు. నూరెకరాల చేపల చెరువులున్న పెద్దమనిషి, మాకు పాత ఖాతాదారు. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి మూడువందల డబ్బాలు కావాలన్నారు. డబ్బాతో పాటు పుస్తకం కూడా ఇస్తే ఎంతో హుందాగా ఉంటుందనీ, జిల్లాలో ఎవరూ ఇంతవరకు ఇవ్వలేదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పైగా మీ కొల్లేటి కథలేనండి అన్నాను. ఆయన లోపల పేజీలు చూడలేదు, అట్ట చూశారు.

"పేరు పడుద్దా అమ్మా?"

"మొదటి పేజీలో వేయిస్తానండి, మీ పేరూ పాప పేరూ."

"పేజీ తిప్పేదాకా ఎవరిచ్చారో తెలవదుగా. పైన పడాలి. డబ్బాకైనా మూత లోపల కొట్టరుగా పేరు."

పైన స్టిక్కరు వేస్తానన్నాను. అయితే ఒక్కోదాని మీద ఇరవై తగ్గించమన్నారు. తగ్గించనన్నాను. పోనీ పది అన్నారు. బంగారు రంగు స్టిక్కరు వేస్తానుగాని రూపాయి తగ్గదన్నాను. "సరే, పెద్ద అక్షరాలతో వెయ్యి," అని లేచారు. ఆయన్ని బేరంలో ఓడించినవాళ్ళు మా కొట్లో అప్పటికి ఎవరూ లేరు. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు.

స్టిక్కర్లు అంటించే పని పేర్ల మావయ్యకి అప్పజెప్పాను. ఆయన ముప్ఫై ఏళ్ళుగా మా కొట్లో గిన్నెల మీద పేర్లు కొట్టేవారు. పని నిక్కచ్చి, అక్షరం వంకర పోదు. నేను ఇంకో పార్టీని పట్టే హడావిడిలో ఉండి కట్టలు విప్పి చూడలేదు. ఫంక్షన్ రోజున కొల్లేటి గట్టు మీద షామియానా కింద చేపల పులుసు కలుపుకుంటూ, నా పుస్తకాలు చేతులు మారుతుంటే చూసి మురిసిపోతున్నాను. పక్క కుర్చీలోని ఆవిడ సంచీలోంచి పుస్తకం తీసి, "బావగారు కథలు కూడా రాస్తారని ఇన్నాళ్ళూ తెలీదండి," అంది.

నేను ముద్ద వదిలేసి చూశాను. అట్ట మీద పైన పుస్తకం పేరుంది. అడుగున నా పేరుండాల్సిన చోట, దాని మీద వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా, చెరువులాయన పేరు బంగారు రంగులో మెరుస్తోంది. గోటితో గీకి చూశాను. స్టిక్కరుతో పాటు అట్టా లేచొచ్చింది, అందులో నా పేరూ. లోపల రెండో పేజీలో చీమంత అక్షరాలతో మళ్ళీ ఉందనుకోండి, ఆ పేజీ చదివేది అచ్చువేసినవాళ్ళే. అవతల చెరువులాయన చుట్టూ జనం మూగారు. మొదట "అబ్బే, కాదండి" అన్నారు. రెండో విడత వచ్చేసరికి "ఏదో లెండి" అన్నారు. మూడో విడతకి నవ్వి ఊరుకున్నారు. నేను లేచి, అవి నావండీ అని అరవచ్చు. కాని పేరు పైన పడనిస్తానని బేరమాడింది నేనే, దానికి గాను పూర్తి ధర పుచ్చుకున్నదీ నేనే. పులుసు చల్లారిపోయింది.

మర్నాడు పేర్ల మావయ్యని నిలదీశాను. ఆయన నాకేసి జాలిగా చూశారు. "పాత గిన్నెకి కొత్త పేరు కొట్టాల్సొస్తే పాత పేరున్నచోటే అరగదీసి కొడతాం గదమ్మా. అక్కడో పేరుంది, అదే పేరు చోటని ఎక్కించాను. మూడొందల్లో ఒక్కటి వంకర పోయిందేమో చూపించు," అన్నారు. ఒక్కటీ పోలేదు.

రెండు వారాల తర్వాత చెరువులాయన కొట్టుకొచ్చి, నాన్నని పలకరించకుండా తిన్నగా నా దగ్గరకే వచ్చారు. మొహం పీక్కుపోయి ఉంది.

"అమ్మా, ఆ పుస్తకంలో ఒకామె చేపలు పట్టే దోనె తప్పిపోద్దంట. దొరికిందా లేదా?"

"ఎందుకండీ?"

"ఉండి ఊళ్ళో మా అక్కయ్య చదివింది. అప్పట్నుంచి పొద్దున్నే ఫోనే. దోనె దొరికిందా, అది లేకపోతే ఆ మనిషి ఎట్టా బతుకుద్దిరా, రాసినోడివి నీకు తెలవదా అంటది. నేను చదివితేగా చెప్పడానికి."

వెంటనే నా బేరాల పుట్టుబుద్ధి ముందుకొచ్చింది. "చెబుతానండి. కాని ఆవిడకే చెబుతాను. ముందు రాసిందెవరో మీరు చెప్పాలి," అన్నాను. ఆయన చెప్పులకేసి చూసుకున్నారు, ఫోను కలిపారు, స్పీకర్లో పెట్టారు. "అక్కా, అది రాసింది నేను కాదే. ఏలూరు గిన్నెల కొట్టువారి అమ్మాయి. ఇదుగో, ఇక్కడే ఉంది," అన్నారు.

"అనుకుంటానే ఉన్నాన్రా," అంది అవతల గొంతు. "చిన్నప్పుడు నీ సెలవు చీటీ కూడా నేనే రాసిచ్చేదాన్ని. ఫోను అమ్మాయికియ్యి. ఏం తల్లీ, దోనె ఏమైంది?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది, నాకూ తెలియదని. ఆ కథ అక్కడ ఆగింది కళ కోసం కాదు. ఇంకో రెండు పేజీలు పెంచితే అచ్చు ఖర్చు పెరుగుతుందన్నారని ఆపేశాను. ఎన్ని కాపీలు వేయించాలో, డజనుకెంత తగ్గించాలో అన్నీ ఆలోచించాను గాని, చివరి పేజీ దాకా చదివి నిద్ర పట్టక కూర్చునే మనిషి ఒకరుంటారని నాకు తట్టనే లేదు. "దొరికిందండి," అన్నాను అప్పటికప్పుడు అల్లి. "గట్టవతల గుర్రపుడెక్క మొక్కల్లో ఇరుక్కుని ఉంటే ఎవరో లాగి తెచ్చిచ్చారు." అవతల పెద్ద నిట్టూర్పు. "ఆ ముక్క పుస్తకంలోనే రాయొచ్చుగా తల్లీ. పదిరోజులు చంపేశావు," అంది.

చెరువులాయన చెమట తుడుచుకుంటుంటే, (నన్ను నేను క్షమించుకోలేని పనుల్లో ఇదొకటి) శ్రావణంలో మీ అబ్బాయి గృహప్రవేశమన్నారుగా, మిగిలిన రెండువందలూ తీసుకోండి అన్నాను. "తీసుకుంటాను. ఈసారి నీ పేరే ఉంచెయ్యమ్మా. నేనీ ఫోన్లు ఎత్తలేను," అన్నారు. గది ఆషాఢంలోనే ఖాళీ అయింది. ఐదువందలకి ఐదువందలూ డబ్బు పుచ్చుకుని అమ్మాను, ఎంత పకడ్బందీగా అమ్మానంటే నాకంటూ ఒక్క కాపీ మిగుల్చుకోలేదు.

ఆ సంగతి తట్టి, ఉండి ఊరికి వెళ్ళి చెరువులాయన అక్కయ్య ఇంటి తలుపు తట్టాను. పుస్తకం దిండు కింద నుంచి తీసి చూపించింది, నలిగి, మధ్యలో అగ్గిపుల్ల గుర్తు పెట్టి ఉంది. ఎంతకిస్తారండీ అని అడిగాను. ఇవ్వనంది. రెట్టింపు ఇస్తానన్నాను. మజ్జిగ ఇచ్చింది. లేచి నాలుగడుగులు మెల్లగా వేశాను, వెనక్కి పిలుస్తుందని. గేటు దాకా వచ్చాక తిరిగి చూస్తే, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నా పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటోంది. అంత హాయిగా బేరం ఓడిపోయి బస్సెక్కిన ఆ పిల్లని, అదే అప్పటి నన్ను, తలుచుకుంటే, ఇప్పటికీ నాకు కొంచెం అసూయే.