శుక్రవారం తీయని గోళ్ళు

షిఫ్టు దిగి ఇంటికొచ్చి సాక్సు విప్పుతుంటే కుడికాలి బొటనవేలి దగ్గర అంటుకుపోయింది. మెల్లగా లాగితే చీము మరక. గోరు పక్కన చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. మలేసియాలో, బంటింగ్ ఊళ్ళో ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో నా పని. ముందుభాగంలో ఇనుము ఉన్న సేఫ్టీ షూ వేసుకుని షిఫ్టంతా నిలబడాలి. షూ కరిచి ఉంటుందిలే అనుకున్నాను. పడుకున్నాక దుప్పటి అంచు తగిలితేనే ప్రాణం పోయినంత పనైంది.

నాకు షుగరుంది. మా నాన్నకూ ఉండేది. ఎస్టేటులో పామాయిల్ చెట్టు ముల్లు గుచ్చుకుని ఆయన పాదానికి చిన్న పుండు పడింది. అది మానలేదు. చివరికి మోకాలి కింద దాకా కాలు తీసేశారు. ఆ తర్వాత ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, దారిన పోయేవాళ్ళ కాళ్ళే చూస్తూ కూర్చునేవాడు. అందుకే ఆస్పత్రి అంటే నాకు కత్తే గుర్తొస్తుంది. వేలు చూపిస్తే వేలు తీస్తారు, వేలితో ఆగరు అని భయం. చూపించకుండా దాచుకున్నాను.

మా అత్త దగ్గర ఏదీ దాగదు. ఎనభై దగ్గర పడుతున్నా కళ్ళు చురుకే.

"ఏటే ఆ కుంటడం? ఇటు సూపించు. ఇది గోరుసుట్టే. నిమ్మకాయెట్టు, లాగీసి పారీస్తాది" అంది.

చేతివేలికి గోరుచుట్టు లేస్తే నిమ్మకాయ తొడగడం మా ఇళ్ళలో అందరూ చేసేదే. కాలికి వచ్చినదానికీ మాకు అదే పేరు కనక, మందూ అదే అయింది. బొటనవేలికి నిమ్మకాయ తొడుక్కుని ఇంట్లో తిరుగుతుంటే, "ఊరగాయ ఎప్పుడెడతావు?" అని మా ఆయన ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. కానీ పుల్లదనం పుండులోకి దిగి వేలు మండిపోయింది, వాపు ఇంకా పెరిగింది. ఆ ఆదివారం క్లాంగ్ వెళ్ళే బస్సులో ఎవరో సరిగ్గా ఆ వేలే తొక్కారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అర్థం మాత్రం ఆ రోజే తెలిసింది. బస్సులోనే ఏడ్చేశాను.

మర్నాడు మా ఆయన బలవంతంగా బైకెక్కించి గవర్నమెంటు క్లినిక్కుకి తీసుకెళ్ళాడు. చిన్న వయసు మలయ్ డాక్టరు. పాదం మీద పల్స్ చూసింది, సన్నటి నైలాన్ దారంతో అరికాలు పొడిచి తెలుస్తోందా అని అడిగింది. అన్నిచోట్లా తెలిసింది. "ఇన్‌గ్రోన్ టోనెయిల్, గోరు కండలోకి పెరిగింది. ఇన్‌ఫెక్షన్ కూడా ఉంది" అంది.

నేను ఆగలేక, వేలు తీసేస్తారా అని మలయ్‌లో అడిగేశాను.

"ఇప్పుడు వచ్చారు కాబట్టి ఆ మాట లేదు ఆంటీ. షుగరున్నవాళ్ళు ఇంత ఆలస్యం చేయకూడదు" అంది.

యాంటీబయాటిక్స్, డ్రెస్సింగ్, ఇంట్లో విశ్రాంతికి ఎం.సి., అంటే సెలవు చీటీ ఇచ్చారు. వాపు తగ్గింది. తగ్గిందని సంబరపడి మళ్ళీ అదే షూ తొడుక్కుని పనికి వెళ్ళాను. కొద్దిరోజుల్లోనే మళ్ళీ మొదలు. ఈసారి గోరు పక్కన ముట్టుకుంటే రక్తం వచ్చే ఎర్రటి మెత్తటి కండ లేచింది. గ్రాన్యులేషన్ అన్నారు. షుగరు కూడా ఎక్కువగా ఉంది. క్లాంగ్‌లో పెద్దాసుపత్రికి రాశారు.

అక్కడ ఎక్స్‌రే తీశారు. ఎముకకి పాకిందేమోనని చూడ్డానికట. రిపోర్టు వచ్చేదాకా మా నాన్న కుర్చీయే కళ్ళముందు ఉంది. ఎముక బాగానే ఉందన్నప్పుడు మా ఆయన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఆయనే "ఒగ్గే, నా సెయ్యిరిగిపోద్ది" అన్నాడు.

మైనర్ ఓటీలో వేలికి రెండు పక్కలా మత్తు సూదులు వేశారు. అబద్ధం ఎందుకు, ఆ సూదులు నొప్పే. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. గోరంతా తీయలేదు, పక్కనున్న సన్నటి ముక్క మాత్రం తీశారు. పార్షియల్ నెయిల్ అవల్షన్ అంటారట. ఆ ముక్క మళ్ళీ మొలవకుండా గోరు మొదలు దగ్గర ఫినాల్ అనే మందు రాశారు. తీసిన ముక్క చూపించారు. దాని కొస చేపముల్లులా సూదిగా ఉంది.

డాక్టరు పెద్దాయన, తమిళాయన. "ఏమ్మా, మూల ఇంత లోపలికి ఎవరు కత్తిరించారు?" అని తమిళంలో అడిగాడు.

"నేనే."

"ఎందుకు?"

చెప్పక తప్పలేదు. మంగళవారం, శుక్రవారం గోళ్ళు తీస్తే ఇంట్లో లక్ష్మి నిలవదు. దీపం పెట్టాక అసలే కూడదు. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ అత్త మాట అది. షిఫ్టుల మధ్య నాకు దొరికేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో అని కండ కనిపించేదాకా తీసి, కట్టర్ కొసతో మూలలు తవ్వేసేదాన్ని.

ఆయన పకపకా నవ్వాడు. "మా అమ్మా అంతే. శుక్రవారం మా ఇంట్లోనూ కట్టర్ దొరకదు. ఏ రోజు తీస్తారో మీ ఇష్టమమ్మా. కానీ తిన్నగా, అడ్డంగా తీయండి. మూల లోపల ముక్క మిగిలితే అదే పెరిగి కండలో దిగుతుంది" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మత్తు దిగి నొప్పి, దాంతో కోపం. "నీ శుక్రవారాలే నా కాలు తినీసినాయి అత్తా!" అని అరిచేశాను. మర్నాడు నేను డ్రెస్సింగ్ మార్చుకుంటుంటే ఆమె వచ్చి నేల మీద కూర్చుని, గాజుగుడ్డ అందిస్తూ, "మాయమ్మ సెప్పింది నాను సెప్పినాను. ఎందుకని నానెప్పుడూ అడగలేదు" అంది. పాపం, ఆమె మాత్రం కావాలని చేసిందా?

ఇప్పుడు ఆ గోరు మిగతా వాటికన్నా కాస్త సన్నం. నొప్పి లేదు. సూపర్‌వైజర్‌ని అడిగి ముందు వెడల్పుగా ఉన్న షూ తీసుకున్నాను. స్నానం చేశాక వేళ్ళ సందులు తుడుచుకుని, పాదాలు ఒకసారి చూసుకుంటాను. నాలాంటి షుగరువాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. కాలివేలు ఎర్రబడితే ఇంట్లో పేరు పెట్టకండి, డాక్టరునే పెట్టనివ్వండి.

మొన్న శుక్రవారం షిఫ్టు దిగి వచ్చేసరికి అత్త దీపం పెట్టేసింది. పెరిగిన గోరు సాక్సుకి పట్టుకుంటే, రేపు చూద్దాంలే అని కాలు ముడుచుకున్నాను. అత్త లోపలికెళ్ళి కట్టర్ తెచ్చి నా ముందు పెట్టింది.

"లైటు కిందకి రా. తీసీ."

"శుక్రోరం కదత్తా! లచ్మి ఎల్లిపోదా?"

"పోతే పోనీలే. కాళ్ళుంటే ఎల్లి తెచ్చుకుందుం" అని, తన పాదం కూడా నా ఒళ్ళో పెట్టింది. "నాయీ తియ్యి. తిన్నగా."