మత్తు దిగేటప్పటి వీడియో

మా అమ్మాయికి మెల్లకన్ను. నాలుగేళ్లప్పుడు కుడికన్నుకి ఆపరేషన్ చేయించాం. మత్తు దిగుతుంటే నన్ను కూడా పోల్చుకోకుండా అరిచింది, తన్నింది, చేతికున్న సూది పీకేసుకోబోయింది. నేనూ నర్సూ కలిసి పట్టుకున్నా ఆగలేదు. పక్కనే ఉన్న మా ఆడపడుచుని కాళ్లు పట్టుకోమని బతిమాలాను. ఆవిడ ఫోన్ తీసి వీడియో తీస్తోంది!

"ఉండు పిల్లా, మొకం సరిగ్గా రానేదు" అంది. ఛీ!

ఇంటికెళ్లేసరికి ఆ వీడియో చుట్టాల గ్రూపులో ఉంది. కింద అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. అంతటితో అయిందా? మద్దిలపాలెంలో ఆవిడ కొడుకు పుట్టినరోజుకి వెళ్తే, టీవీలో పెట్టి మరీ చూపించింది. "దెయ్యంపిల్లని సూడండ్రా!" అని పగలబడి నవ్వులు. నా ఒళ్లో కూర్చుని నా కూతురు కూడా చూసింది. నోట్లో కేకు అలాగే ఉండిపోయింది దానికి. "సరదాకి తీసింది, నీకన్నీ పెద్ద విషయాలే" అన్నాడు మా ఆయన. ఆ మాటకి ఆయన మొహం చూడ్డానికే రోత పుట్టింది.

తర్వాత ఎడమకన్ను వంతు వచ్చింది. ఆలస్యం చేస్తే చూపు మందగిస్తుందన్నారు. పిల్ల మాత్రం మంచం కోడు పట్టుకుని వదలదు.

"నాకు మళ్లీ దెయ్యం పడతాది. నాను రాను."

మత్తు డాక్టరమ్మకి అంతా చెప్పాను. "దెయ్యమేంటమ్మా! చిన్నపిల్లల్లో కొందరికి మత్తు దిగేటప్పుడు అలా అవుతుంది. తర్వాత వాళ్లకి గుర్తు కూడా ఉండదు" అన్నారావిడ.

గుర్తుండదట! మావాళ్లు మర్చిపోనిస్తేనా?

ఈసారి నొప్పి మందు ముందే ఇస్తామన్నారు, చివర్లో నెమ్మదిగా లేవడానికి ఇంకో మందు కూడా. గదిలో వెలుతురు తగ్గిస్తారట. "పేరు పెట్టి పిలవొద్దు, తట్టొద్దు. తనంతట తనే లేవాలి. మీరొక్కరే ఉండండి" అన్నారు.

ఆపరేషన్ రోజు మా ఆడపడుచు ఫోన్ చేత్తో పట్టుకునే వచ్చింది. తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాను.

"ఏటే, మేనత్తని, నన్నాపుతావా? ఈసారి ఏటి సేత్తాదో అని అందరూ ఎదురు సూత్తన్నారు!"

ఎదురుచూస్తున్నారట, సినిమాకి చూసినట్టు! సిగ్గులేని మనుషులు. ఆవిడ మొహం మీదే తలుపు వేసేశాను.

మసక గదిలో పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి కట్టు లేని కన్ను మెల్లగా తెరిచింది. అరవలేదు, తన్నలేదు. నన్ను చూసింది, తలుపు వైపు చూసింది. కింది పెదవి మాత్రం వణుకుతోంది.

"అమ్మా, ఆళ్లు నేరు కదా?"

"ఎవ్వరూ లేరు తల్లీ."

"కన్ను నొప్పెడతంది. ఇప్పుడు ఏడవొచ్చా?"