గరిటెల సొరుగులో కాపలావాడు

మేం అద్దెకుండే ఇంటి యజమానురాలు పోయిన ఆదివారం చనిపోయారు. కబురుతో పాటే ఒక ఆరోపణ కూడా చర్చి వరండాలో పుట్టింది. "బొగ్గుల పొయ్యి తీసేసి కరెంటు హీట్ పంప్ పెట్టించుకోమని ఎంతమందిమి చెప్పాం, విన్లేదు. ఆవిడ మొండితనమే ఆవిడ్ని తీసుకుపోయింది." ఈ జ్ఞాపకార్థ కూడికలో నాకు మాట్లాడే అవకాశం ఇచ్చారు కనుక ముందు దానికి జవాబు చెబుతాను.

ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. ఆమె ప్రాణం తీసింది ఆ బొగ్గుల పొయ్యిలోంచి వచ్చిన విషవాయువే. ఆమె మొండిమనిషి అన్నదీ నిజమే. ఈ రెండు నిజాలను కలిపి మీరు తేల్చిన తీర్పు మాత్రం అబద్ధం.

హెర్న్‌డన్‌లోని ఆ పాత ఇంటి బేస్‌మెంట్‌లో నేనూ, నాతో చదివే మరో అమ్మాయీ అద్దెకు ఉంటున్నాం. పైన హాల్లో, ఇటుకల ఫైర్‌ప్లేస్ లోపల అమర్చిన అద్దపు తలుపుల ఇనుప పొయ్యి చలికాలమంతా ఇంటిని వెచ్చగా ఉంచేది. బొగ్గు కాల్చడం భూమికి ద్రోహమని నేను వాదించని వారం లేదు. రిటైరైన నర్సు ఆమె, తొణికేవారు కాదు. "ఆష్‌బర్న్‌లో నీ ఫొటోలు దాచే ఆ డేటా సెంటర్ల షెడ్లన్నీ కరెంటు కాక గాలి తిని బతుకుతున్నాయా? నీ వాదనతో గది వేడెక్కిందా లాయరమ్మా, ఇంకో పార వెయ్యనా?" అనేవారు.

మొదటి చలికాలంలో నేను ఇనుప కడ్డీతో మంటను పైనుంచి కలియబెట్టి ఆర్పేశాను. ఆమె నా చేతిలోంచి కడ్డీ తీసుకున్నారు. "పైన కెలకొద్దమ్మా, కట్టెల పొయ్యి కాదిది. కింద ఊచలు కదుపు. బూడిద రాలితే గాలి తనే దారి చూసుకుంటుంది." కొత్త బొగ్గు వేశాక నీలిమంట లేచేదాకా అక్కడినుంచి కదలనిచ్చేవారు కాదు. "ఆ నీలం ఆడుతోందంటే విషం కాలిపోతున్నట్టు. ఆడట్లేదంటే అది మనవైపు చూస్తున్నట్టు."

హాలుకూ వంటింటికీ మధ్య కప్పుకు ఒక అలారం ఉండేది. పొగకూ, కంటికి కనిపించని ఆ వాయువుకూ అదే కాపలా. శనివారం ఉదయం చీపురు కర్రతో దాని బటన్ నొక్కేవారు. అది చెవులు చిల్లులు పడేలా అరిస్తే, "బతికే ఉన్నాడు మన కాపలావాడు" అని తృప్తిగా కాఫీ పెట్టుకునేవారు. మొండితనం అన్నారే, అది ఇదే. మంచు తుఫానుకు కరెంటు పోయినప్పుడు మీలో కొందరు పిల్లలతో ఆ హాల్లోనే పడుకున్నారు. ఆ రాత్రి మీకు ఈ మాట గుర్తురాలేదు.

ఇక జరిగింది వినండి. ఆమెకు చలిజ్వరం వచ్చింది. శుక్రవారం మీరంతా ఆమె స్వస్థత కోసం ప్రార్థన చేయడానికి వచ్చారు. ప్రేమతోనే వచ్చారు, ఆమెకోసం వంటా చేశారు. ఆ మూడు రోజులూ నేను రిచ్‌మండ్‌లో డిబేట్ పోటీలో ఉన్నాను. ఇంట్లో ఉన్న, నాతో అద్దెకుండే అమ్మాయి చెప్పిన మాట ఇది. ఎండుమిర్చి పోపుకు అలారం అరిచింది. లోపలి గదిలోంచి ఆమె, "ఏంటమ్మా అది?" అని అడిగారు. "ఏం లేదాంటీ, పోపు. దీన్ని తీసి, అయ్యాక పెట్టేస్తాంలెండి" అని వంటింట్లోంచి జవాబు వెళ్లింది. కుర్చీ ఎక్కి ఎవరో దాన్ని తిప్పి ఊడదీశారు.

శనివారం ఆమె చీపురు కర్ర పట్టుకునే స్థితిలో లేరు. ఆ సాయంత్రం నాతో ఉండే అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్లింది. ఆదివారం ఎండ కాసింది. బయట వెచ్చబడితే పొగగొట్టం పైకి లాగే బలం తగ్గుతుంది, అలాంటి రోజుల్లో ఆమె పొయ్యి ఆరనిచ్చేవారు. కానీ ఒంట్లో వణుకు ఉన్న మనిషికి బయటి ఎండ ఏం తెలుస్తుంది? బొగ్గు వేసుకుని, పొయ్యి ఎదుట సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకున్నారు. మధ్యాహ్నం ఆ అమ్మాయి తిరిగివచ్చేసరికి అలాగే ఉన్నారు. తర్వాత అగ్నిమాపక సిబ్బంది వెతికితే, కాపలావాడు గరిటెల సొరుగులో దొరికాడు. బ్యాటరీలు పక్కనే ఉన్నాయి.

ఆ చేయి ఎవరిదని నేను అడగను. పైన కెలకొద్దని ఆమే నేర్పారు. నేను కదపదలచుకున్నది కిందిది, మన వంటిళ్లన్నిటిలో పేరుకున్న ఆ "అయ్యాక పెట్టేస్తాం" అనే మాటను. పోపు అయింది, భోజనాలు అయ్యాయి, ప్రార్థనా అయింది.

ఆ ఇంటి కప్పుకు ఇప్పుడు ఖాళీ ప్లాస్టిక్ చట్రం మాత్రమే ఉంది. దాని చుట్టూ సన్నటి మసి, మధ్యలో తెల్లటి గుండ్రటి మచ్చ.

నేను కోరేది ఇదీ. మొండితనం అన్న మాటను ఈ గదిలోనే, ఆమె ఫోటో ముందే వెనక్కి తీసుకోండి. ఇంటికి వెళ్లాక, పొయ్యి వెలిగించేముందు ఒకసారి తల పైకెత్తి చూడండి. అక్కడ అలాంటి తెల్లమచ్చే కనిపిస్తే, సొరుగు తెరవండి.