బీరువా సందులో గురువు

ఒక పిల్లకు నెల రోజులు నేర్పిన పాఠాన్ని నేనే పది అంగల్లో ఎలా నాశనం చేశానో చెబుతాను. మీరు నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

అప్పట్లో వాకాడులో, విదేశాల్లో చదవబోయే పిల్లలకు ఇంగ్లీషూ ఇంటర్వ్యూలూ నేర్పేవాణ్ణి. ఆ దేశాలు చూసింది లేదు గానీ అక్కడి మర్యాదలన్నీ నాకే తెలిసినట్టు మాట్లాడేవాణ్ణి. సలోమి నా మొదటి శిష్యురాలు. నాన్న సముద్రం మీద వేటకు పోయే మనిషి. చేపల గురించి పెద్ద చదువు చదవాలని ఆ పిల్ల కోరిక. స్కాట్లండులో ఒక యూనివర్సిటీవాళ్లు వీడియోలో మాట్లాడి, నచ్చితే సీటిస్తామన్నారు. ఉన్నది ఆ ఒక్క అవకాశమే.

నా పాఠం ఒకటే: పైకప్పు ఊడిపడినా కుర్చీలోంచి లేవకూడదు. మనసు చెదురుతుందని వాళ్లింట్లో వారం పాటు టీవీ ఆపించాను. ఇంటర్వ్యూ మాటలు తప్ప వేరే మాట వద్దన్నాను. ఇంటర్వ్యూ రోజు వాళ్ల నాన్న వేటకు పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. ఎందుకని అడిగే తీరిక నాకు లేదు.

గదిలో ఇంకెవరూ ఉండకూడదని యూనివర్సిటీవాళ్లు ముందే రాశారు. కానీ నా గుండె ఆగితేనా? ఎవరికీ కనపడనివాణ్ణి, టై కూడా కట్టుకున్నాను.

"నాకు బయమేం లేదు సార్. మీరు బయట కూర్చోండి," అంది సలోమి.

"నీకు లేకపోతే ఏమ్మా, నాకుండాది," అని బీరువా పక్కన నక్కాను. చెప్పేవి శ్రీరంగనీతులు, దూరేది బీరువా సందు.

తెర మీద నెరిసిన గడ్డం పెద్దమనిషి. నేను బట్టీ పట్టించిన జవాబులు రెండు సలోమి అప్పజెప్పింది. ఆయన ముఖంలో కదలిక లేదు. ఇంతలో వీధిలో కేక: "రాకెట్టు పోతుండాది, రాండ్రా." కాసేపటికి కిటికీ అద్దాలు గడగడలాడాయి.

శ్రీహరికోట దగ్గర పుట్టినవాడి కాళ్లకు బుద్ధితో పనిలేదు. అన్నం ముందు నుంచైనా లేచి మిద్దె ఎక్కాల్సిందే. సందులోంచి ఊడిపడి, కెమెరాకు అడ్డంగా, టై ఎగురుతుండగా పరిగెత్తాను.

పొగ చార చూశాకే తెలివొచ్చింది. పిల్ల నోట్లో మట్టి కొట్టానని అక్కడే కూలబడ్డాను.

దిగేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది. ఎవరతనని అడిగారట.

"ఏం చెప్పినావమ్మా?"

"మా సారు అన్నాను. నన్ను కదలొద్దని చెప్పేదానికి వచ్చినాడు అన్నాను."

తర్వాత ఆయన ఆ చప్పుడేమిటని అడిగితే, రాకెట్టు ఎగిరే రోజు పడవలు సముద్రం మీదికి పోకూడదనీ, నాన్న ఏ కాలంలో ఏ చేపకు పోతాడనీ అరగంట చెప్పిందట. అందులో నేను నేర్పిన ముక్క ఒక్కటీ లేదు. రాకెట్టు సంగతి ముందే తెలిస్తే నాకెందుకు చెప్పలేదన్నాను.

"వేరే మాట వద్దన్నారు కదా సార్."

పది రోజులు నాకు తిండి సహించలేదు. ఆ తర్వాత సీటిస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. అడుగున ఒక వాక్యం: "మీ సారుకు రాకెట్టు బాగా కనిపించిందా?"

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మళ్లీ బీరువా సందులో దూరను. నా శిష్యులకు ఇంటర్వ్యూ ఉందంటే ముందుగానే వెళ్లి మిద్దె మీద కూర్చుంటాను.