బావ గడియారం నా చేతికి వచ్చిన పదిరోజులు

ఈ పాత బ్యాటరీ వాచ్ మళ్ళ నా చేతికి ఎందుకొచ్చిందని అడుగుతున్నరు గదా. నిజమే, పదిహేను రోజుల కింద ఇదే హోటల్ల, ఇదే బల్ల మీద మోచెయ్యి ఆనిచ్చి మీ అందరికి ఫారెన్ గడియారం చూపిచ్చింది నేనే. ఒప్పుకుంట. ఆ గడియారమే నా ఇజ్జత్ తీసింది. గదీ నలుగురిల. మీరు వేరేవాళ్ళ నోట వినేకంటే నేనే చెప్పుకుంటే నయం.

గడియారం నాది కాదు, మా ఇంటామె సునీత వాళ్ళ అన్నది. రావిర్యాల నర్సింహ బావ. ధర అడగకుండ్రి, నాక్కూడ చెప్పలే. ఆయన పదిరోజులు ప్రకృతి వైద్యం క్యాంపుకు పోవాల్సి ఉండె. అక్కడ ఫోను, గడియారం అన్నీ గేటు కాడనే తీసి పెట్టుకుంటరట. అందుకని ముందురోజు మా ఇంటికొచ్చిండు. డబ్బా తెరిచి, టేబుల్ మీద దస్తీ పరిచి, దాని మీద గడియారం పెట్టిండు.

అద్దం కింద చిన్న చిన్న పండ్ల చక్రాలు కదులుతున్నయ్. వాటి మీద సగం చందమామ లెక్క ఒక రేకు. చెయ్యి కదిలితే ఆ రేకు గిర్రున తిరుగుతది, దాంతోనే లోపల స్ప్రింగు చుట్టుకుంటది. బ్యాటరీ లేదు. పక్కకు కీ ఇచ్చే గుబ్బ కూడ లేదు, అదే దాని కొత్తదనమట. సెకన్ల ముల్లు మన గోడ గడియారం తీరు ఎగిరెగిరి పడదు, నూనె జారినట్టు సాఫీగ పోతది. ఏ నెలకు ఎన్ని రోజులో, లీపు సంవత్సరం ఎప్పుడో దానికే ఎరుక. ఇంక కిందికెల్లి ఇంకో చిన్న ముల్లు. బండికి పెట్రోల్ ముల్లు ఉంటది చూడు, గట్ల. లోపల ఇంకెంత దమ్మున్నదో చూపిస్తది.

"బావా, ఇది పెట్టుకున్నోడు కదిలితేనే నడుస్తది," అన్నడు నర్సింహ బావ. "మూడు రోజులు కదలకుంటే ఆగుతది. ఆగిందంటే తేదీలన్నీ తప్పుతయ్. మళ్ళ సరి చెయ్యాలంటే కంపెనీకే పంపాలె, నెలలు పడ్తది. నేను వచ్చిన మర్నాడే మా బిడ్డ శ్రావణి ఎంగేజ్‌మెంట్. పిల్లగాని నాయినకు గడియారాలంటే పానం. ఆయన ముందట ఇది నడవకుంటే నాకు బాగుండదు."

"నాకిచ్చినవ్ గదా, ఫికర్ చెయ్యకు," అన్న. "పొద్దందాక నాకు క్షణం తీరికుంటదా?"

సునీత వంటింట్లకెల్లి ఒకసారి నా మొఖం చూసింది.

నా పని మీకు తెల్వంది కాదు. ప్లాట్లు చూపిచ్చుడు. పొద్దున పార్టీవాళ్ళ కారెక్కుత, వెంచర్ల దిగుత, నీడ చూసి కుర్చీ ఏపిచ్చుకుంట, గిది ఈస్టు, గది నలభై ఫీట్ల రోడ్డు అంట. పనంత నోటితోనే. కుడిచెయ్యి అప్పుడప్పుడు లేస్తది గాని, గడియారం ఉన్న ఎడమచెయ్యి తొడ మీదికెల్లి లేవది. ఈ సంగతి నాకు అంతకుముందు ఎన్నడు తట్టలే.

మొదటిరోజు మీకందరికి చూపిచ్చి మురిసిన. రెండోరోజుకు ముల్లు సగానికి దిగింది. మూడోరోజు పొద్దున చూస్తే ఎర్రగీత దగ్గరికొచ్చింది. ఇంక చెయ్యి ఊపుడు మొదలుపెట్టిన. సాగర్ రోడ్డు మీద పార్టీ కోసం నిలబడి, చెయ్యి పైకెత్తి గట్టిగ ఊపుతున్న. బస్సు వచ్చి నా ముందట ఆగింది.

"ఎక్కుతవా లేదా?" అన్నడు కండక్టరు.

"ఎక్క అన్నా. గడియారానికి కీ ఇస్తున్న."

ఆయన నా చెయ్యి చూసిండు, మొఖం చూసిండు, బస్సుల ఉన్నోళ్ళందరు కిటికీలకెల్లి చూసిండ్రు. "ఇంటికి పొయ్యి ఇచ్చుకో," అని రైట్ రైట్ అన్నడు.

సరే, వెంచర్ల కుర్చీల కూసొని, చెయ్యి కిందికి పెట్టి మెల్లగ ఊపుదామనుకున్న. మొగుడు పెండ్లాలు వచ్చిండ్రు, మంచి పార్టీ. "ఈ మూలప్లాటు ఇడువకుండ్రి, మళ్ళ దొరకది," అని చెప్తున్న. చెప్పేది చెప్తనే ఉన్న, ఊపేది ఊపుతనే ఉన్న. ఆమె ఆయన చెవుల ఏందో అన్నది. ఇద్దరు లేచి పోయిండ్రు. తర్వాత వాచ్‌మెన్ చెప్పిండు, నా నోరేమో తీసుకోండ్రి అంటున్నదట, చెయ్యేమో వద్దు వద్దు అంటున్నదట. వాళ్ళు చెయ్యినే నమ్మిండ్రు.

ఇంటికొచ్చి గట్లనే ఊపుకుంట కూసుంటే మా అమ్మ చూసి భయపడ్డది. "కొడుకా, చెయ్యి వణుకుతున్నది, దవాఖానకు పోదాం పా," అని నువ్వుల నూనె కాగబెట్టి మోచెయ్యి దాక రాసింది. ఆ మాలీషుకు మస్తు నిద్రొచ్చింది, గది వేరే ముచ్చట.

నాలుగోరోజు సాయంత్రం చూస్తే అద్భుతం. ముల్లు ముప్పావు దాక ఎక్కింది. నేను ఆగలేకపోయిన. "చూసినవా సునీతా, రోడ్డు మీద ఊపిన ఊపుడు ఊరికే పోలే. లోపలికి మెల్లగ దిగుతదన్నట్టు," అన్న. ఆమె బట్టలు మడతపెట్టుకుంట, "అవ్ అవ్," అన్నది. తెల్లారి నా చేతికి పెట్టుకుంటే ముల్లు దిగుతది. మాపటికల్ల మళ్ళ ఎక్కుతది. ఇదేదో దాని అలవాటనుకున్న.

ఏడోరోజు మధ్యాహ్నం ఎప్పటి లెక్కనే తిని, గడియారం దిండు పక్కన పెట్టి పడుకున్న. ఆ రోజు ఎందుకో తొందరగ మెలకువొచ్చింది. చూస్తే గడియారం లేదు. గాబరాగ వంటింట్లకు ఉరికిన. సునీత పీట ముందట కూసొని జొన్నరొట్టెలు చేస్తున్నది. గడియారం ఆమె చేతికున్నది, బెల్టు చివరి తూటుకు బిగించి, పిండి అంటొద్దని మోచేతి దిక్కు జరుపుకున్నది. రొట్టె మీద ఒక్కో దెబ్బ పడ్తుంటే లోపల ఆ సగం చందమామ గిర్రున తిరుగుతున్నది. నా చేతికున్నప్పుడు అది గట్ల తిరగంగ నేను ఒక్కసారన్న చూడలే.

"ఎప్పటికెల్లి ఇది?" అన్న.

"నాలుగోరోజు నువ్వు బాత్రూం కిటికీల మరిచిపోయిన కాడికెల్లి. నీళ్ళల్ల పడ్తదని తీసి చేతికి పెట్టుకున్న, పనిల పడి మరిచిన. సాయంత్రం చూస్తే ముల్లు ఎక్కింది. ఇంక నువ్వు పండుకున్నప్పుడల్ల పెట్టుకుంటున్న."

"నాకు చెప్పొద్దా?"

"నువ్వు గంత మురుస్తుంటివి, చెప్పబుద్ధి కాలే. మా అన్న గడియారం ఆగొద్దు, గంతే నాకు."

సిగ్గయింది. మీతోని దాపరికమెందుకు, నిజంగనే సిగ్గయింది. పన్నెండేండ్లు అయితున్నది మా పెండ్లయి. ఆమె చెయ్యి ఎంత కదులుతదో నాకు ఒక ముల్లు చెప్తే గాని తెలువలే. మిగిలిన మూడు రోజులు గడియారం ఆమెకే ఇచ్చిన. కాని బావ వచ్చి, నిండుగ ఉన్న ముల్లు చూసి, నన్ను కావలిచ్చుకుంటే మాత్రం నోరు మూసుకున్న. మంచిగనిపించింది మరి.

మర్నాడు ఎంగేజ్‌మెంట్. ఇక్కడనే, మన ఇబ్రహీంపట్నం ఫంక్షన్ హాల్ల. బావ గడియారం తీసి పిల్లగాని నాయిన చేతిల పెట్టిండు. "పదిరోజులు మా బావ చేతికుండె. ముల్లు జరంత కూడ దిగలే. ఎంత కష్టపడే మనిషో చూడుండ్రి," అన్నడు. నేను తలకాయ వంచుకొని మెల్లగ నవ్విన.

ఆయన అద్దాలు పెట్టుకొని, గడియారం తిప్పి తిప్పి చూసిండు. తెలిసినోడు గదా. "ఈ బెల్టుకు చివరి తూటు కాడ ముడత పడ్డది. గింత సన్నటి చెయ్యి ఎవరిది? ఇగో, ఈ సందుల జొన్నపిండి కూడ ఉన్నది," అన్నడు.

అందరి కండ్లు నా చెయ్యి మీద పడ్డయ్. నా చెయ్యి మీరు చూస్తనే ఉన్నరు, రెండు చేతులంత ఉంటది. ఎనకకెల్లి మా అమ్మ, "గది మా కోడలు చెయ్యి," అన్నది నిమ్మళంగ. హాలంత నవ్వులే నవ్వులు. నేను కూడ నవ్విన, ఏం చేస్త.

"చెల్లే, నాకెందుకు చెప్పలే?" అన్నడు బావ.

"గడియారం ఇచ్చెటప్పుడు నన్ను అడిగితివా అన్నా?" అన్నది సునీత.

పిల్లగాని నాయిన చేతికి కూడ గసోంటి ముల్లున్న గడియారమే ఉండె, ముల్లు ఎర్రగీత కాడ. ఆయన మెల్లగ చొక్కా చెయ్యి దాని మీదికి గుంజుకున్నడు. అది నేనొక్కన్నే చూసిన, పానం జర నిమ్మళమైంది.

ఇప్పుడు బావ ఎప్పుడు క్యాంపుకు పోయినా గడియారం చెల్లెకేనట. నేను కూడ ఇంట్ల రోజు నీళ్ళు పడ్తున్న, బట్టలు ఆరేస్తున్న. నిన్నయితే రొట్టె చెయ్య కూసున్న, అది ఇరిగింది, ఆమె నన్ను లెవ్వమన్నది. అందుకే ఈ పాత వాచ్ మళ్ళ పెట్టుకున్న. నేను కదిలినా కదలకున్నా ఇది నడుస్తనే ఉంటది, నా గురించి ఎవ్వరికి ఏం చెప్పది.

ఇగో, ఆ చాయ్ గిలాస జర ఇటు జరుపుండ్రి. చెయ్యి అందుతలేదు.