కంది చేలో అత్త ముఖం

మా మేనత్త పోయింది. మొన్న మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. నేను పుల్లలచెరువు చేరేసరికి వాకిట్లో ఒకాయన అంటున్నాడు: "ఆ కరెంటే చంపింది ఆమెను." నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళ కిందట ఆ కరెంటు కోసం ఆమె ఎంతమందితో పోట్లాడిందో నాకు తెలుసు. ఆపబోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అత్త మార్కాపురంలో ఇరవై ఏళ్ళు పలకలకు చెక్క చట్రాలు బిగించింది. ఆమె చెంప మీద కందిగింజంత ఎర్రటి గడ్డ లేచి, నెల తిరిగేసరికి రేగుకాయంత అయింది. చర్మపు క్యాన్సర్, అదీ మొండి రకం. గుంటూరులో ఆపరేషన్ చేసి తీసేశారు. "ఇంతటితో అయిపోలేదమ్మా. కుట్లు మానగానే రేడియేషన్ మొదలుపెట్టాలి. ఆరు వారాలు దాటనివ్వొద్దు" అని డాక్టరమ్మ చెప్పింది. దాన్నే మా వైపు కరెంటు పెట్టడం అంటారు.

ఆపరేషన్ రోజే చర్చి ఆడవాళ్ళు ఆమె కోసం నలభై రోజుల ప్రార్థన మొదలుపెట్టారు. ఎవరి కోసం పెడతారో వాళ్ళు ఇల్లు చేరాక, ప్రార్థన ముగిసేదాకా ఊరు దాటకూడదని మా పల్లెలో పట్టింపు. "ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. ఇంకా రెండు రోజులు మిగుల్తాయి కదత్తా, ప్రార్థన అయినాకే పోదాం" అన్నాను, పెద్ద లెక్కలు వచ్చినవాడిలా.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "పోయిన దినమే పెడతారా ఏందిరా? ముఖానికి కొలతలు తీయాల, తొడుగు చేయాల. దానికే పది దినాలు పడతాది. కొలవకుండా చట్రం బిగిస్తే పలక నిలుస్తాదా?"

పాస్టరమ్మ వచ్చింది. "మధ్యలో పోతే ఎట్లమ్మా? విశ్వాసం లేదంటారు."

"ప్రార్థన మీరు చేయండి, బస్సు నేనెక్కుతా. దేవుడు పుల్లలచెరువులోనే ఉంటాడా, గుంటూరులో ఉండడా?"

పద్దెనిమిదో రోజు సంచి చంకన పెట్టుకుని బస్సెక్కింది. సిగ్గుపడుతూ నేనూ వెనకే ఎక్కాను. కరెంటుకు చెంప కమిలిపోయింది, నోరు పూసి మజ్జిగన్నం కూడా దిగేది కాదు. ఒక్క రోజు మానలేదు. నేను కళ్ళు తుడుచుకుంటే, "నొప్పి నాది, ఏడుపు నీదా?" అని కసిరేది.

కరెంటు పెట్టేటప్పుడు ముఖం కదలకుండా బిగించే ఆ తొడుగును ఆఖరి రోజు అడిగి తెచ్చుకుంది. తెల్లటి ప్లాస్టిక్ జల్లెడ లాంటిది. ముక్కు, చెంపలు, గడ్డం అచ్చు ఆమెవే. దాన్ని కర్రకు కట్టి కంది చేలో నాటింది. "మనకు దిష్టిబొమ్మలేందమ్మా?" అని పాస్టరమ్మ నొచ్చుకుంది.

"దిష్టికి కాదు, చిలకలకు. నన్ను చూసి మా ఆయనే భయపడేవాడు, చిలకలెంత!"

ఆ తర్వాత మూడు కంది పంటలు కోసింది. జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆమెను తీసుకుపోయిన మాట నిజమే. కానీ కరెంటు పెట్టిన ఆ చెంప మీద మళ్ళీ గడ్డ లేవలేదు. ఆ మాటే వాకిట్లో ఆయనకు గట్టిగా చెప్పాను. శవం దగ్గర గొంతు పెంచానని పెద్దలు కోప్పడ్డారు. కోప్పడనీ. అత్త అయితే ఇంకా గట్టిగా చెప్పేది.

సమాధి దగ్గర్నుంచి వస్తూ చేను గట్టున ఆగాను. కంది కాయ పట్టింది. కర్ర కాస్త వాలి ఉంటే నిలబెట్టి, మొదట్లో రాళ్ళు పేర్చాను. అత్త ముఖం రోడ్డు వైపు చూస్తోంది. చిలకల గుంపు ఒకటి గోల చేస్తూ పైనుంచి పోయింది. మా చేలో ఒక్కటీ వాలలేదు.